రెండో సంపుటం కనబడుట లేదు

పాటిమెరక శాఖా గ్రంథాలయంలో పదకొండు జాజ్ రికార్డులు ఉండేవి. రికార్డు అన్నాక రెండు వైపులుంటాయి. ఈ సంగతిలో ఆ ఊళ్లో ఎవరికీ ఎన్నడూ సందేహం కలగలేదు. సందేహం కలగాలంటే పఠన వికాస శాఖలో కనీసం పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేసి ఉండాలి. అటువంటి పెద్దమనిషి జీపు దిగేదాకా అంతా సాఫీగానే నడిచింది.

రికార్డులు కరుణమ్మ సిస్టరువి. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసింది. అక్కడి దొర డాక్టరు గారు తమ దేశం వెళ్లిపోతూ ఈ రికార్డుల పెట్టెనీ, వాటిని వాయించే మిషన్నీ ఆవిడకి అప్పగించి వెళ్లారు. ఆవిడ ఇల్లు వానకి కారుతుంది. గ్రంథాలయం కారదు. ఆ ఒక్క కారణం చేత పాటిమెరకలో జాజ్ సంగీతం ప్రభుత్వ భవనంలోకి ప్రవేశించింది.

ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి నలుగురు చేరేవారు. కరుణమ్మ సిస్టరు ఒకరు. గ్రంథాలయం చూసే అవతారం గారు ఒకరు. ఆయన పద్నాలుగేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. పర్మినెంటు కాగితం ఇవాళ వస్తుంది రేపు వస్తుంది అనుకుంటూ, ఏ కాగితం చూసినా లేచి నిలబడే అలవాటు చేసుకున్నారు. మూడో మనిషి పోలయ్య, పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. నాలుగోది తాయారు. పదో తరగతి. ఒక ఆదివారం పుస్తకం తిరిగిచ్చేద్దామని వచ్చి, మిషన్‌లోంచి వచ్చే చప్పుడు విని, పిల్లల పుస్తకాల బీరువా పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. మరి లేవలేదు. నోరు కూడా విప్పలేదు.

ఒక ఆదివారం ఒక వైపే వినేవారు. రెండో వైపు మళ్లీ ఆదివారం. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఒక వైపు అయ్యేసరికి పోలయ్యకి చెప్పాల్సింది అంత ఉండేది.

"మీరంతా ఇదేదో దొరల సంగీతం అనుకుంటన్నారు గానీ, పెళ్లికొడుకు జీపు బురదలో దిగబడ్డ ప్రతిసారీ నేను వాయించేది ఇదేనండి" అనేవాడు పోలయ్య. "పాట అయిపోద్ది. జీపు కదలదు. ఆపితే పెళ్లివారు ఊరుకోరు. ఇంక అక్కణ్ణించి మనకి తోచిందే పాట."

"నీకు తోచింది ఒక్కటే పోలయ్యా, పెద్దగా వాయించడం" అనేది సిస్టరు. ఆవిడకి ఇష్టమైంది గొడుగు రికార్డు. అట్ట మీద గొడుగు బొమ్మ ఉంది కాబట్టి దానికి ఆ పేరు. అందులో పియానో చాలా నెమ్మదిగా నడుస్తుంది. జ్వరం తగ్గిన పిల్లాడు మంచం దిగి నడుస్తున్నట్టు ఉంటుందని ఆవిడ మాట. పోలయ్యకి ఇష్టమైంది నల్లకోటు రికార్డు. అవతారం గారిని అడిగితే అన్నీ బాగున్నాయి అనేవారు. ఏదో ఒకటి బాగుందంటే మిగిలినవి పైవాళ్లకి ఫిర్యాదు చేస్తాయేమోనని భయం కాబోలు.

"మరి నీకేది ఇష్టం తాయారమ్మా?" అని అడిగేవారు ముగ్గురూ. తాయారు నవ్వి ఫ్యాను వంక చూసేది. ఆ పిల్లకి మాటలు రాక కాదు. మాట గొంతు దాకా వచ్చి, బయట ఎంతమంది ఉన్నారో చూసుకుని, వెనక్కి వెళ్లిపోయేది.

ఇరవై ఒకటో ఆదివారం పదకొండో రికార్డు పెట్టారు. దాని అట్టని చెదలు తినేశాయి. మధ్యనుండే ఎర్ర లేబుళ్ల మీద అక్షరాలు, ఆ వైపువీ ఈ వైపువీ కూడా, తడికి అలుక్కుపోయాయి. ఎవరు వాయించారో, ఏం పాటో తెలియదు. డాక్టరు గారు తలుపేసుకుని వినేవారు కాబట్టి సిస్టరుకీ తెలియదు. చెదల రికార్డు అని పేరు పెట్టి, ముల్లు దించారు. వింటున్న వైపు లేబులు మీద అవతారం గారు గుర్తుకోసం పెన్సిలుతో ఒకటి అంకె వేశారు.

అందులో ఒక బాకా ఉంది. అది ఒక్కో మెట్టూ ఎక్కుతూ, మధ్యలో ఆగి వెనక్కి చూస్తూ, మళ్లీ ఎక్కుతూ, ఆఖరి మెట్టు మీద కాలు పెట్టబోతూ ఉండగా ఆ వైపు అయిపోయింది. ముల్లు గరగరమంది.

"అవలేదండి" అన్నాడు పోలయ్య. "ఊపిరి పట్టుకునే ఉన్నాడు. వదల్లేదు. అటేపు తిప్పితేగానీ వదలడు."

"ఎవర్నో పిలిచాడు" అంది సిస్టరు. "వాళ్లు పలికారో లేదో అటువైపు ఉంది."

"వచ్చే ఆదివారం" అన్నారు అవతారం గారు, మిషను మూసేస్తూ.

ఆ వారమంతా తాయారు ఆ ఆఖరి మెట్టు మీదే ఉంది. లెక్కల పీరియడులో ఉంది, బోరింగు దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నప్పుడూ ఉంది. రెండో వైపు వినగానే, "నాకు ఇది ఇష్టం" అని నలుగురి ముందూ అనాలని తీర్మానించుకుంది. మూడే మాటలు. పాకలో గేదె ముందు నిలబడి నాలుగైదుసార్లు అని చూసుకుంది. గేదె అభ్యంతరం చెప్పలేదు.

ఇరవై రెండో ఆదివారం అవతారం గారు చెదల రికార్డుని రెండు అరచేతుల మధ్యా పట్టుకుని తిప్పబోతుండగా గుమ్మంలో జీపు ఆగింది.

దిగినాయన పఠన వికాస శాఖ తనిఖీ అధికారి చక్రధరరావు గారు. ఆ యేడాదిని ఆ శాఖ చర్చా సంవత్సరంగా ప్రకటించింది. జనం చదువుతున్నారు గానీ చదివినదాన్ని చర్చించుకోవడం లేదని పైన ఎవరో కనిపెట్టారు. చర్చ ఎక్కడ జరుగుతుందో వెతకమని చక్రధరరావు గారిని పంపారు. ఆయన నలభై ఆరు గ్రంథాలయాలు తిరిగారు. అన్నిచోట్లా పేపరు మొహాన కప్పుకుని నిద్రపోయేవాళ్లే కనబడ్డారు. నలభై ఏడోది పాటిమెరక.

"ఇక్కడేమి జరుగుచున్నది?" అన్నారాయన.

అవతారం గారు రికార్డుతో సహా నిలబడ్డారు. "రికార్డు తిప్పుతున్నామండి."

"అది కాదు. మీరు మాటలాడుకొనుచున్నారు. కిటికీలోంచి చూచితిని."

"ఆయ్, ఊరికేనండి. పోయినవారం విన్నదాని గురించి ఒక మాట..."

"ఒక మాట కాదు. ఈయన ఒక మాటన్నారు, ఆమె కాదన్నారు, ఈయన బల్ల గుద్దినారు." చక్రధరరావు గారి కళ్లు చెమర్చాయి. "ఇది చర్చ."

కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ వస్తువు రిజిస్టరులో ఏమని నమోదైందో అడిగారు. నమోదు చెయ్యలేదు, సిస్టరు గారిదని చెప్పారు అవతారం గారు.

"గ్రంథాలయమున ఉన్నది గ్రంథమే. దీనికి రెండు భాగములున్నవా?"

"రెండు వైపులండి."

"ఒకటి ముగిసిన పిమ్మట రెండవది?"

"ఆయ్."

"రెండును ఒకేసారి వినుటకు వీలున్నదా?"

"ఎలా కుదురుద్దండీ?" అన్నాడు పోలయ్య.

"అట్లయిన ఇవి రెండు సంపుటములు." చక్రధరరావు గారు నియమావళి తీశారు. "పద్నాలుగవ నియమము. రెండవ సంపుటము కోరు పాఠకుడు మొదటి సంపుటముపై చర్చ జరిపి, ముగించి, తీర్మానము సమర్పించి, ఆమోదము పొందవలెను. ఆమోదము వచ్చువరకు రెండవ సంపుటము ఇవ్వరాదు."

"ఇవ్వడం కాదండీ, తిప్పడమే" అంది సిస్టరు. "ఇలా అరచెయ్యి తిప్పినంత పని."

"అమ్మా, చర్చ లేని తిప్పుట వలననే సమాజము ఈ స్థితికి వచ్చినది."

పదకొండు రికార్డులనీ ఇరవై రెండు సంపుటాలుగా రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో పెట్టించారు. తాళం వేయించారు. తాళం మీద లక్క సీలు వేశారు. చర్చని రాయడానికి ఒక మనిషి కావాలన్నారు. పోలయ్యకి అభిప్రాయాలున్నాయి, సిస్టరుకి అంతకన్నా ఉన్నాయి. స్టూలు మీద పిల్ల అప్పటిదాకా కిక్కురుమనలేదు.

"మాటలాడనివారికి పక్షపాతముండదు. ఈమెయే కార్యదర్శి."

తాయారు ఫ్యాను వంక చూసింది. అది అంగీకారంగా నమోదైంది.

ఆ సాయంత్రమే చర్చ ముగించేద్దామనుకున్నారు. "ఏకగ్రీవం చేసేద్దారండి. ఎదవ గొడవ" అన్నాడు పోలయ్య. మొదటి వైపు అందరికీ సమానంగా నచ్చినదని తాయారు గుండ్రటి అక్షరాలతో రాసింది. నలుగురూ సంతకాలు పెట్టారు. పది రోజులకి కాగితం తిరిగొచ్చింది. "భేదాభిప్రాయము కనబడుట లేదు. కావున చర్చ జరిగినట్లు భావించుటకు వీలు లేదు" అని దాని మీద గుండ్రటి ముద్రతో రాసి ఉంది.

ఆదివారం భేదాభిప్రాయం తయారుచేశారు. అది కష్టం కాలేదు. ఆ బాకా ఆయన పైకి ఎక్కుతున్నాడని పోలయ్య, కాదు ఎవర్నో వెతుక్కుంటున్నాడని సిస్టరు. మాటామాటా పెరిగింది. నీకు చెవులున్నాయా అంటే, నీకు ఊపిరుందా అనుకున్నారు. తాయారు ఒక్క మాట పోకుండా నాలుగు పేజీలు రాసింది. పన్నెండు రోజులకి అదీ తిరిగొచ్చింది. "అభిప్రాయములు కలియలేదు. కావున చర్చ ముగిసినట్లు భావించుటకు వీలు లేదు."

"ఒప్పుకుంటే జరగలేదంటారు, ఒప్పుకోకపోతే అవలేదంటారు" అన్నాడు పోలయ్య. "ఈయనకి పెళ్లయిందాండీ?"

"ఊరుకో పోలయ్యా" అన్నారు అవతారం గారు, కాగితం ఎదుట నిలబడే.

ఇలా మూడు నెలలు గడిచాయి. నలుగురూ ప్రతి ఆదివారం వచ్చి, సీలు వేసిన బీరువా ఎదురుగా కుర్చీలు వేసుకుని, ఉత్తర్వు ప్రకారం చర్చించేవారు. మిషను మీద గుడ్డ కప్పారు. వినడం అనేది లేకపోవడం వల్ల చర్చకి చాలా తీరిక దొరికింది. చుట్టుపక్కల గ్రంథాలయాల నుంచి వ్యానులో జనాన్ని తెచ్చి, చర్చ అంటే ఏమిటో చూపించడం కూడా శాఖవారు మొదలుపెట్టారు. వాళ్లు బెంచీల మీద కూర్చుని చూసేవారు.

ఒకసారి అందులో ఒక పెద్దావిడ అడిగింది: "ఇంతకీ తమరేం వింటారండీ?"

"ఏమీ వినవండి" అన్నాడు పోలయ్య. "వింటే ఇంత టైముండదు."

అతను రెండో వైపు ఎలా ఉంటుందో ఊహించి క్లారినెట్ మీద వాయించి చూపించేవాడు. ఒక వారం ఆఖరి మెట్టు ఎక్కి కేకేసేవాడు. ఒక వారం మెట్ల మీంచి జారిపడేవాడు. ప్రతిసారీ తాయారు లోపల్లోపల, అది కాదు, అది కాదు, అనుకునేది. ఏది అవునో ఆ పిల్లకీ తెలియదు. తెలిసేది ఆ బీరువాలో ఉంది. మూడు నెలల నుంచి ఆ మెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి, ఆ పిల్లకి కాలు పీకుతోంది.

సిస్టరు విసిగిపోయింది. "నాకు చర్చా వద్దు, సంవత్సరం వద్దు. నా రికార్డులు నాకిచ్చెయ్యండి. కారితే కారింది, గొడుగేసుకుని వింటాను" అని చక్రధరరావు గారికి చెప్పేసింది. ఆయన న్యాయంగానే మాట్లాడారు. గ్రంథాలు వెనక్కి ఇవ్వాలంటే ముందు అన్నీ ఉన్నాయో లేదో చూడాలి. నిల్వ తనిఖీ చెయ్యాలి.

తనిఖీకి ఆయనే వచ్చారు. సీలు తీయించి, పదకొండు రికార్డులూ బల్ల మీద వరసగా పరిపించి, పైకి కనబడే లేబుళ్లు లెక్కపెట్టారు.

"పదకొండు సంపుటములున్నవి. రిజిస్టరు ప్రకారము ఇరువది రెండుండవలెను. మిగిలిన పదకొండు ఎక్కడ?"

"కిందనున్నాయండి. వెనకవైపు" అన్నారు అవతారం గారు.

"చూపుడు."

అవతారం గారు చెదల రికార్డుని తిప్పి పెట్టారు. చక్రధరరావు గారు వంగి చూసి, కళ్లజోడు సర్దుకున్నారు. "సరే. ఇది రెండవది. మరి ఇప్పటివరకు ఇక్కడనున్న మొదటిది ఏది?"

"అది కిందకెళ్లిందండి."

"అనగా ఒకటి వచ్చిన ఒకటి పోవుచున్నది."

పోలయ్య పరిగెత్తుకెళ్లి మంగలి షాపు నుంచి చేతి అద్దం తెచ్చాడు. రికార్డుని ఎత్తి పట్టుకుని వెనక అద్దం పెట్టాడు. "ఇప్పుడు సూడండి. అదీ ఉంది, ఇదీ ఉంది. రెండూ ఒకేపాలి!"

చక్రధరరావు గారు చాలాసేపు చూశారు. చూసిన మాట నిజమేనని ఒప్పుకున్నారు కూడా. "కాని అద్దములోనిది ప్రతిబింబము. ప్రతిబింబములను నిల్వలో చూపుటకు నియమావళిలో చోటు లేదు."

మళ్లీ బీరువా, మళ్లీ లక్క. వారం తిరక్కుండా రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి గుండ్రటి ముద్రది, నిల్వల విభాగం నుంచి: "రెండవ సంపుటములు పదకొండు కనబడుట లేదు. అవి దొరకువరకు గాలింపు జరుపవలెను." రెండోది నలుచదరపు ముద్రది, బైండింగు విభాగం నుంచి: "సదరు గ్రంథముల రెండు సంపుటములు ఒకే బైండుగా అతికింపబడినట్లు తెలియవచ్చుచున్నది. పాఠకుల సౌకర్యార్థము వానిని నిలువునా విడదీసి, వేర్వేరు సంపుటములుగా చేయవలెను." రెండింటి కిందా సంతకం చక్రధరరావు గారిదే. రెండు విభాగాలకీ ఆయనే ఇన్‌చార్జి. ఏ విభాగంలో కూర్చున్నప్పుడు ఆ విభాగం ముద్ర వేసేవారు. ఒక విభాగంలో ఉండి రెండో విభాగం ఆలోచనల్లో తలదూర్చే మనిషి కాదు.

కార్యదర్శి గనక రెండు ఉత్తర్వులనీ రిజిస్టరులోకి ఎత్తి రాయడం తాయారు పని. మొదటిది రాసింది. రెండోది రాస్తూ, విడదీసి అన్న మాట దగ్గర కలం ఆపింది. వెనక్కి వెళ్లి మొదటిది మళ్లీ చదివింది. పెదవి విప్పలేదు గానీ, ఇంటికి వెళ్లేటప్పుడు దారంతా రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి చదువుకుంటూనే వెళ్లింది.

ఆదివారం నాలుగున్నరకి చక్రధరరావు గారితోపాటు బైండింగు మస్తాన్ మేస్త్రీ దిగాడు. సంచిలోంచి రంపం, సన్న ఉలి, పిడిలేని సుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. చెదల రికార్డుని అంచు మీద నిలబెట్టి ఒక కన్ను మూసి చూశాడు.

"అయ్యా, ఇది అప్పడమంత కూడా లేదండి. దీన్ని నిలువునా మధ్యలోంచి ఎలా చీల్చమంటారు?"

"వెయ్యి పేజీల నిఘంటువును విడదీసినవాడవు. ఇది రెండే పేజీలు."

"అక్కడ కుట్టుంటదండి. కుట్టిప్పితే ఊడొచ్చుద్ది. దీనికి కుట్టేదండీ?"

"కుట్టు కనబడకుండ కుట్టిరి. అందుకే నిన్ను పిలిచినది."

"బాబ్బాబు, కొయ్యకండి" అంది సిస్టరు. ఆవిడ ఆపరేషను గదిలో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి, ఏ కోతకీ ఎన్నడూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది. "రెండు సగాలూ పనికిరాకుండా పోతాయి. ఏ సగంలోనూ ఏదీ మిగలదు."

"అమ్మా, సేవాదృష్టితో చూడుడు. ఒక సంపుటము ఒకరింటికి, రెండవది ఇంకొకరింటికి ఏకకాలమున పోగలదు."

పోలయ్య బల్లకి అడ్డం నిలబడ్డాడు. "నన్ను కోసి రెండు సంపుటాలు చెయ్యండి ముందు!"

"మీరు రిజిస్టరులో లేరు" అన్నారు చక్రధరరావు గారు.

అవతారం గారు ఏదో అనబోయారు. చేతిలో ఉత్తర్వు ఉంది. నిలబడే ఉన్నారు కాబట్టి మళ్లీ నిలబడడానికి కూడా వీల్లేక, కూర్చున్నారు. పద్నాలుగేళ్లలో కాగితం ముందు ఆయన కూర్చోవడం అదే మొదలు.

మేస్త్రీ రంపం అంచుకి ఆనించాడు. ఒకసారి లాగబోయి, బొటనవేలితో చోటు సరిచూసుకున్నాడు.

"సార్."

అందరూ పోలయ్య వంక చూశారు. పోలయ్య తను కాదన్నట్టు తలూపాడు. మళ్లీ వినబడింది. బీరువా పక్క స్టూలు దగ్గర్నుంచి. తాయారు రిజిస్టరుని గుండెకి అదుముకుని నిలబడి ఉంది. మొహం లక్క రంగులో ఉంది.

"సార్, రెండో సంపుటం కనబడటం లేదని మీరే రాశారండి."

"అవును. నిల్వల విభాగము వ్రాసినది."

"కనబడనిదాన్ని ఎలా కోస్తారండి?"

మేస్త్రీ రంపం ఆపాడు. చక్రధరరావు గారు చెయ్యి చాపారు. తాయారు రిజిస్టరు ఇచ్చింది. గుండ్రటి ముద్ర చదివారు. నలుచదరపు ముద్ర చదివారు. మళ్లీ గుండ్రటిది చదివారు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆ రెండు ముద్రలూ ఒకే బల్ల మీద కలుసుకోవడం అదే మొదటిసారి. ఆయన మొహం ఎదురూబొదురూ వస్తున్న రెండు బళ్ల మధ్య నిలబడ్డ మనిషి మొహంలా అయింది.

"లేని సంపుటమును విడదీసిన," అన్నారు మెల్లిగా, "విడదీసిన పిమ్మట అది ఎక్కడినుండి వచ్చినదని ఆడిటు వారు అడుగుదురు."

"అడుగుతారండి" అన్నారు అవతారం గారు, హఠాత్తుగా గొంతు దొరికి.

"ముందు అది దొరకవలెను."

"దొరకాలంటే వెతకాలి కదండీ" అంది తాయారు. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తున్నాయి. వెనక్కి పోదామంటే దారి లేదు. "గాలించమని ఉత్తర్వుందండి. మనం గాలించలేదు. పోయింది రికార్డులో కదండీ, రికార్డులోనే గాలించాలి. అటువైపు తిప్పి, ముల్లు పెట్టి, మొదట్నుంచి చివరిదాకా."

"పద్నాలుగవ నియమము ఉన్నది!"

"అది వినడానికండి. గాలించడానికి కాదండి."

చక్రధరరావు గారు నియమావళి పేజీలు తిప్పారు. గాలించుటకు తీర్మానం అక్కరలేదు. చర్చ అక్కరలేదు. అసలు ఏదీ అక్కరలేదు. ఆయన అవతారం గారి మీద విరుచుకుపడ్డారు. "వారము దినములైనది ఉత్తర్వు వచ్చి! ఇంతవరకు గాలింపు ఏల మొదలుపెట్టలేదు? ఇది నిర్లక్ష్యము కాదా?"

"ఇప్పుడే మొదలెడతామండి" అని అవతారం గారు మిషను మీద గుడ్డ లాగేశారు. ఆ లాగడంలో మూడు నెలల దుమ్ము లేచి అందరికీ తుమ్ములొచ్చాయి.

"ఒక మాట" అన్నారు చక్రధరరావు గారు, చూపుడువేలు ఎత్తి. "ఇది వినుట కాదు. గాలింపు. ఎవరును వినరాదు."

"చెవులు మూసుకోమంటారాండీ?" అన్నాడు పోలయ్య.

"అక్కరలేదు. ఆనందింపరాదు."

అవతారం గారు గుడ్డ మడత పెడుతుంటే, సిస్టరు రికార్డు అందుకుని, అరచెయ్యి తిప్పినంత తేలిగ్గా తిప్పింది. ముల్లు మాత్రం తాయారు చేతే పెట్టించింది.

కాసేపు గరగర. తరవాత బాకా వచ్చింది. అదే మెట్టు మీద, అదే ఊపిరితో. తాయారు కళ్లు మూసుకుంది. అతను పైమెట్టు ఎక్కలేదు. జారిపడనూ లేదు. ఆ మెట్టు మీదే చతికిలబడి కూర్చున్నాడు. అలిసిపోయినవాడు గట్టు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నట్టుంది. అతను కూర్చున్న చాలాసేపటికి, ఎక్కడో దూరం నుంచి, అప్పటిదాకా ఆ రికార్డులో లేని వాయిద్యం ఒకటి సన్నగా పలికింది.

"క్లారినెట్టు!" అన్నాడు పోలయ్య. బల్ల గుద్దబోయి, ఆనందించకూడదని గుర్తొచ్చి, చెయ్యి గాల్లోనే ఆపుకున్నాడు. కళ్లమ్మట నీళ్లు మాత్రం ఆపుకోలేకపోయాడు.

"పలికారు" అంది సిస్టరు. "చెప్పలేదూ."

క్లారినెట్టు మెట్లు దిగుతూ వచ్చింది, బాకా కూర్చున్నచోటే ఉండి ఏదో అడిగింది, క్లారినెట్టు నవ్వింది, డ్రమ్ముల మీద ఎవరో కుంచెతో ఊడుస్తున్నట్టు మెత్తగా చప్పుడు చేశారు. తాయారుకి కాలు నొప్పి తగ్గింది. "నాకు ఇది ఇష్టం" అంది. ఎవరికీ వినబడలేదు, కానీ అన్నది పైకే. ఆ మాట బయటికొచ్చి, నలుగురి మధ్యా నిలబడి, తను కూడా కాసేపు విని పోయింది.

ముల్లు మళ్లీ గరగరమంది. మస్తాన్ మేస్త్రీ రంపాన్ని ఎప్పుడు బల్ల కింద పెట్టాడో ఎవరూ చూడలేదు.

చక్రధరరావు గారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు గాలించిన భాగము రెండవ సంపుటమేనా?"

"మొదటి దాని మీద నేను ఒకటి వేశానండి" అన్నారు అవతారం గారు. "దీని మీద ఏమీ లేదండి."

"రెండు అని లేనప్పుడు రెండవదని ఎట్లు ధ్రువీకరింతుము? పూర్వము దీనిని విన్నవారెవరైన ఉన్నారా?"

"లేరండి" అంది సిస్టరు.

"పోనీ, సంగీతము తెలిసినవారు. మీరు చెప్పుడు. ఇది మొదటి సంపుటములోని పాటయేనా, వేరా?"

పోలయ్య ఆలోచించాడు. జీవితంలో మొదటిసారి, నోరు తెరిచేముందు ఆలోచించాడు. "అదే పాటండి. కానీ అది కాదండి."

"అదియా? కాదా?"

"అదే, కాదండి. జాజంటేనే అదండి."

చక్రధరరావు గారు కలం తెరిచారు. ధ్రువీకరించకుండా దొరికిందని రాయడం ఆయనవల్ల కాదు. దొరకనిదాన్ని కోయిస్తే ఆడిటు వారు ఊరుకోరు. చాలాసేపటికి ఆయన చెప్పగా తాయారు రాసింది: "సాయంత్రము నాలుగున్నర గంటలకు గాలింపు జరిగినది. రెండవ సంపుటము ఇంకను దొరకలేదు. దొరకువరకు ప్రతి ఆదివారము గాలింపు జరుపవలెను. అంతవరకు విడదీయరాదు." గుండ్రటి ముద్ర వేశారు. ఒక క్షణం ఆగి, పక్కనే నలుచదరపుది కూడా వేశారు.

మేస్త్రీ పనిముట్లు సంచిలో వేసుకుని జీపు దగ్గరికి నడిచాడు. అవతారం గారు గుడ్డ చేత్తో పట్టుకుని మిషను మూయడానికి వచ్చారు. చక్రధరరావు గారు లేవలేదు. కుర్చీలో కొంచెం ముందుకి జరిగి, తాయారు వంక కాకుండా నియమావళి వంక చూస్తూ అన్నారు:

"సుమారు మధ్యభాగమున, ఆ దూరము నుండి పలుకునది మొదలగు చోట... అక్కడ గాలింపు సరిగా జరగలేదు. ముల్లు కొంచెము వెనుకకు పెట్టుడు."

తాయారు ముల్లు వెనక్కి పెట్టింది. తనిఖీ అధికారి గారు బూట్లు విప్పి కుర్చీ కిందకి నెట్టి, కళ్లు మూసుకుని, మళ్లీ గాలించసాగారు.